ఉపగ్రహముల రాకపోకలు

చంద్రుడు శాశ్వతుడని మనము తలంతుము. కాని ఉపగ్రహముల త్రోవలు స్థిరములు కావు.

చంద్రుని ఆకర్షణచే సముద్రము పొంగును. భూమి ఒక దినములో తన చుట్టు తాను తిరుగును. చంద్రుడు భూమిని చుట్టివచ్చుటకు 27 దినములు పట్టును. అందుచే ఆ పొంగు చంద్రునికంటె ముందునకు జరిగి, అతనిని ముందునకు లాగి, పై కక్ష్యకు జేర్చుచున్నది. ఇట్లు చంద్రుడు ఏటేట సుమారు 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడు. 1969లో అపోలో యాత్రికులు అచట నిలిపిన అద్దములపై లేజర్ కిరణములను పంపి శాస్త్రజ్ఞులు దీనిని కొలిచిరి.

అంగారకుని ఉపగ్రహమగు ఫోబోస్ గతి వేరు. అది 8 గంటలలోపే గ్రహమును చుట్టివచ్చును. అంగారకుని దినము 24 గంటలకు మించినది. ఇచట నేలయందలి ఉబ్బు వెనుకబడి, ఫోబోసును వెనుకకు లాగును. నూరేండ్లకు సుమారు 1.8 మీటర్లు దిగుచు, రమారమి 5 కోట్ల యేండ్లకు అది కూలవచ్చును; లేదా ముక్కలై అంగారకునికి వలయము కావచ్చును.