తలక్రిందులు చేస్తే ఎందుకు సరిపోతుంది?

పిల్లలూ! భిన్నంతో భాగించాలంటే భాజకాన్ని తలక్రిందులు చేసి హెచ్చవేయమంటారు గదా. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు చెప్పిన సూత్రం ఇది. ఆయన గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఎందుకు సరిపోతుందో చూడండి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40 కిలోమీటర్లనుకుందాం. బస్సు నిమిషానికి 2/3 కిలోమీటరు పోతోంది. పట్టే కాలం 40 ÷ 2/3. ఈ బస్సుకు ఒక్కొక్క కిలోమీటరుకూ ఒకటిన్నర నిమిషం, అంటే 3/2 పడుతుంది. తలక్రిందులైన భిన్నం అదే! 40 × 3/2 = 60 నిమిషాలు.

వేగం ‘వ’ అయితే దాని వ్యుత్క్రమం 1/వ. (ఆగిపోయిన బస్సుకు ఇది చెల్లదు సుమా!) వ², వ, 1: మెట్టు దిగినప్పుడల్లా ‘వ’తో భాగిస్తున్నాం, ఘాతం ఒకటి తగ్గుతోంది: 2, 1, 0. ఇంకో మెట్టు దిగితే 1/వ. అందుకే అది వ⁻¹.

కనుక 6వ⁵ ÷ 2వ² = 6వ⁵ × ½వ⁻² = 3వ³. అక్షరాన్ని తిప్పి 2ను మరిచేవాళ్ళే ఎక్కువ! మరి 6వ⁵ ÷ 2వ⁻³ ఎంత?