కారులో స్టీరియో, సబ్‌వూఫర్ సొంతంగా బిగిస్తున్నారా? ముందు ఫ్యూజ్ సంగతి చూసుకోండి

సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి వచ్చిన నెల రోజులకే చాలా ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. పాత స్టీరియో ఫోన్‌కు కనెక్ట్ కాదు, స్పీకర్లు గరగరమంటాయి. వీడియోలు చూసి పని నేర్చుకున్న కొడుకు "షాపులో ఫిట్టింగ్ చార్జీ దండగ అబ్బాజాన్, నేనే బిగిస్తా" అంటాడు. "బండి తగలబెడతావా ఏంటి?" అని తండ్రి భయపడతాడు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. స్టీరియో మార్చడం ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోగల పని. సబ్‌వూఫర్, ఆంప్లిఫయర్ కూడా బిగించుకోవచ్చు. కానీ అందులో ఒక్క చోట తప్పు చేస్తే తండ్రి భయమే నిజమవుతుంది. ఆ చోటు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్లే పవర్ వైరు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు డ్యాష్‌బోర్డ్‌లో ఉన్న ఖాళీ కొలుచుకోవాలి. సింగిల్ డిన్ అంటే సుమారు 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్‌కు ఎత్తు 100 మి.మీ. టచ్ స్క్రీన్ స్టీరియోలు ఎక్కువగా డబుల్ డిన్‌లోనే వస్తాయి. స్టీరియోతో పాటు మన కారు మోడల్‌కు సరిపోయే ఫ్రేము, కప్లర్ కూడా తీసుకోవాలి. కప్లర్ ఉంటే కంపెనీ వైరింగ్‌ను కత్తిరించాల్సిన పని ఉండదు. వారంటీలో ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం. వైర్లు కోసి అతికించినట్టు కనిపిస్తే ఎలక్ట్రికల్ వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్లను నమ్మొద్దు. '50 వాట్లు x 4' అని రాసిన స్టీరియో నిలకడగా ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కు ఇంచుమించు 15 నుంచి 20 వాట్లే. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు. ఆంప్ కొన్నా, సబ్‌వూఫర్ కొన్నా ఆ అంకె చూసే కొనాలి.

స్టీరియో మార్చడం ఎలా?

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాలి. చాలా కార్లకు 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. విప్పాక కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు డ్యాష్‌బోర్డ్ ముట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు అప్పటికి తగ్గుతుంది. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

బయట దొరికే స్టీరియోల్లో వైర్ల రంగులు దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, మెమరీ నిలిచేది దానితోనే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద రంగు ముందు కుడి స్పీకర్, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. అదే రంగు మీద నల్లగీత ఉంటే అది నెగెటివ్. నీలం మీద తెల్లగీత ఉన్న వైరు ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు.

పసుపు, ఎరుపు వైర్లు తారుమారైతే తాళం తీసినప్పుడల్లా సెట్టింగులు పోతాయి. రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీ లైనుకు ఇస్తే స్టీరియో తాళంతో పాటు ఆగదు, బ్యాటరీ దిగిపోతుంది. కంపెనీ వైర్ల రంగులు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి కప్లర్ లేకుండా కలపాల్సి వస్తే మల్టీమీటర్‌తో చూసుకోవాలి. ఆ ఒక్క పరీక్షకు బ్యాటరీ మళ్లీ కలపాలి, చూడగానే తీసేయాలి.

హ్యాండ్ బ్రేక్‌కు కలపాల్సిన వైరు కూడా ఒకటి ఉంటుంది. బండి నడుస్తుండగా స్క్రీన్ మీద వీడియో రాకుండా ఆపేది అదే. కొందరు దాన్ని ఎర్త్‌కు తగిలించేసి వీడియోలు చూస్తుంటారు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లే బండిలో ఆ తెలివి పనికిరాదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఒక లెక్క చూద్దాం. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్-డి ఆంప్ ఉందనుకుందాం. దాని సామర్థ్యం సుమారు 80 శాతం అనుకుంటే లోపలికి 375 వాట్లు వెళ్లాలి. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు వోల్టేజీ సుమారు 13.8 ఉంటుంది. అంటే దాదాపు 27 ఆంపియర్లు. ఆరు హెడ్‌లైట్ బల్బులు కలిసి లాగేంత కరెంటు ఇది. స్టీరియో వెనుక ఉన్న సన్నని వైరు నుంచో, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచో దీన్ని తీసుకోవడం కుదరదు. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగాల్సిందే.

ఆ వైరు బానెట్ కింద నుంచి ఇనుప గోడ దాటి, తలుపు అంచు వెంట కార్పెట్ కింద డిక్కీ దాకా వెళ్తుంది. చిన్న కారులో కూడా నాలుగైదు మీటర్లు ఉంటుంది. దారిలో రేకు రంధ్రం అంచుకు ఒరుసుకోవచ్చు, సీటు పట్టా కింద నలగొచ్చు, ఎక్కడో ఒక స్క్రూ గుచ్చుకోవచ్చు. పైతొడుగు తెగి లోపలి రాగి బాడీకి తగిలిందంటే షార్టే. కారు బాడీ అంతా నెగెటివ్ కదా. ఇంజిన్‌ను తిప్పగల బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు పంపుతుంది. వైరు ఎర్రగా కాలి, దాని మీదున్న కార్పెట్, సీట్ల ఫోమ్ అంటుకుంటాయి.

దీన్ని ఆపేది ఒక్క ఫ్యూజే. "ఆంప్‌లోనే ఫ్యూజ్ ఉంది కదా" అని చాలామంది పొరబడతారు. ఆంప్‌లో ఉన్న ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ నుంచి ఆంప్ దాకా ఉన్న నాలుగైదు మీటర్ల వైరును అది కాపాడలేదు. షార్ట్ దారి మధ్యలో అయితే ఆ కరెంటు ఆంప్ దాకా రానే రాదు, ఆ ఫ్యూజ్ పోనే పోదు. అందుకే మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్ దగ్గరే, 45 సెం.మీ. లోపే ఉండాలి. ఎంత దగ్గరుంటే అంత మంచిది.

పైన చెప్పిన ఆంప్‌కు 8 గేజ్ రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. 8 గేజ్ అంటే సుమారు 8 చదరపు మి.మీ. ఇంట్లో ఏసీకి వేసే 4 చదరపు మి.మీ. వైరుకు రెట్టింపు లావు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయడం పరిష్కారం కాదు. వైరు తట్టుకునే దానికంటే పెద్ద ఫ్యూజ్ వేస్తే అది ఉన్నా లేనట్టే.

చవక కిట్లలో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు వస్తుంది. పోగును గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదే లావు రాగితో పోలిస్తే ఇది మోసే కరెంటు తక్కువ. అది తప్ప మరోటి దొరకకపోతే లావు పెంచాలి.

వైరు లాగడం, ఎర్త్ ఇవ్వడం

ఇనుప గోడ దాటే చోట రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి. బానెట్ కింద వైరు మొత్తానికి ప్లాస్టిక్ స్లీవ్ తొడగాలి. వేడి నుంచి, ఎలుకల నుంచి కొంత రక్షణ ఉంటుంది. జాయింట్లకు మామూలు టేపు చుట్టి వదిలేయొద్దు. మన ఎండలకు మూసి ఉన్న కారులో టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వాడాలి. పవర్ వైరు ఒక పక్క నుంచి తీసుకెళ్తే, స్టీరియో నుంచి ఆంప్‌కు వెళ్లే ఆర్‌సీఏ కేబుల్ రెండో పక్క నుంచి తీసుకెళ్లాలి. రెండూ పక్కపక్కనే ఉంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో ఈల వినిపించవచ్చు.

ఎర్త్ వైరు కూడా పవర్ వైరంత లావు ఉండాలి, పొడవు అర మీటరు దాటకూడదు. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక బోల్టుతో గట్టిగా బిగించాలి. సీటు బెల్టు బోల్టును మాత్రం ఇందుకు వాడొద్దు. ప్రాణం నిలిపే బోల్టు అది. ఇంకో హెచ్చరిక. చాలా చిన్న కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనుక సీటు కిందే ఉంటుంది. కింద ఏముందో చూడకుండా డ్రిల్ పెట్టొద్దు.

చెక్క బాక్సుతో ఉన్న సబ్‌వూఫర్ 15 కిలోలకు పైగా బరువుండొచ్చు. దాన్ని డిక్కీలో వదులుగా పెడితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక కూర్చున్న పిల్లల మీదికే వస్తుంది. బెల్టుతోనో, క్లాంపులతోనో కట్టేయాలి.

అన్నీ అయ్యాక ఆఖరున మెయిన్ ఫ్యూజ్ పెట్టి, బ్యాటరీ నెగెటివ్ కలపాలి.

సౌండ్ సెట్ చేసుకోవడం

ఆంప్ మీద ఉండే గెయిన్ వాల్యూమ్ బటన్ కాదు. దాన్ని పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, గెయిన్ నెమ్మదిగా పెంచాలి. శబ్దం చీలినట్టు అనిపించగానే కాస్త వెనక్కి తిప్పాలి. లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే మాటలు స్పష్టంగా ఉంటాయి, బేస్ మాత్రమే సబ్‌వూఫర్‌కు వెళ్తుంది. అంబులెన్స్ సైరన్ వినపడనంత శబ్దం ఎవరికీ మంచిది కాదు. రాత్రి పూట వీధిలో అద్దాలు దించి బేస్ కొట్టిస్తే పక్కింటి ముసలివాళ్లకు, పసిపిల్లలకు నిద్ర ఉండదు.

ఏ బండ్లకు సొంత పని వద్దు?

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో సొంతంగా వైర్లు లాగొద్దు. వాటిలో నారింజ రంగు కేబుళ్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండిలోనూ దాని పక్కన ఆంప్, పవర్ వైరు పెట్టొద్దు. అలాంటి బండికి స్టీరియో, మంచి స్పీకర్లతో సరిపెట్టుకోవడమే మేలు.

బిగించాక ఏం చూడాలి?

మొదటి రోజు అరగంట నడిపాక పవర్ వైరును, ఫ్యూజ్ హోల్డర్‌ను చేత్తో తాకి చూడాలి. బాగా వేడెక్కితే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉంది, లేదా వైరు సన్నగా ఉంది. తాళం తీశాక ఆంప్ లైటు ఆరిపోవాలి. ఆరకపోతే రిమోట్ వైరు తప్పు చోట కలిసినట్టు. వారం తర్వాత బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగించాలి. కొత్తగా పెట్టిన సామాను విలువను ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, ఎలక్ట్రికల్ యాక్సెసరీల కింద పాలసీలో చేర్పించుకోవాలి. చేర్పించకపోతే దొంగతనం జరిగినా ఆ డబ్బు రాదు.

షాపులో ఫిట్టింగ్ చేయించుకునేవాళ్లకూ ఇదే మాట. బండి తాళం తీసుకునే ముందు బానెట్ ఎత్తించి "భాయ్, మెయిన్ ఫ్యూజ్ ఎక్కడుందో చూపించు" అని అడగాలి. బ్యాటరీ పక్కనే చూపిస్తే సరే. "ఆంప్‌లో ఉంది సార్" అన్నాడంటే, అది బిగించేదాకా బండి కదలనివ్వొద్దు.