కూడలి ఎక్కడుందో తెలుసుకోండి!

వూళ్లో వెయ్యిమంది వున్నారు. అంటురోగం పొలిమేర దాటింది. చేతిలో వున్న టీకాలు నూరే! ఎవరికి ముందు వెయ్యాలి? వృద్ధులకూ, బలహీనులకూ వేస్తే వారి ప్రాణాలు దక్కుతాయి. కాని రోగం ఇంటింటికీ పాకకుండా ఆపాలంటే ఎవరికి వెయ్యాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వైద్యగ్రంథాలలో కాక లెక్కల పుస్తకంలో దొరకటమే విచిత్రం!

ఈ కథ 18వ శతాబ్దం నాటిది. నేడు రష్యాలో కాలినిన్‌గ్రాడ్ అని పిలవబడే నగరం ఆనాటి కోనిగ్స్‌బర్గ్. అక్కడ ఏడు వంతెనలుండేవి. దేనినీ రెండోసారి తొక్కకుండా ఏడింటినీ దాటటం సాధ్యమా అని జనం తర్కించుకునేవారు. ఆయిలర్ అనే గణితజ్ఞుడు వీధులనూ, మేడలనూ పక్కకు పెట్టి, నేలను నాలుగు చుక్కలుగా, వంతెనలను ఏడు గీతలుగా చూశాడు. నాలుగు చుక్కలనుంచీ బేసి సంఖ్యలోనే గీతలు వున్నవి కనుక అది అసాధ్యమని తేల్చాడు. ముగ్గు వేసే చేతులకు ఈ చుక్కలూ గీతలూ కొత్త కాదు గదా!

చుక్కలు మనుషులైతే గీతలు పరిచయాలు. చుక్కలు స్టేషన్లయితే గీతలు రైలు మార్గాలు. ఇదే నెట్‌వర్క్ శాస్త్రం. 1999లో బరబాషి, రేకా ఆల్బర్ట్ అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి వెల్లడించారు. వరల్డ్ వైడ్ వెబ్ వంటి అల్లికలలో చాలా చుక్కలకు గీతలు కొద్దిపాటివే. ఏ కొన్నిటికో లెక్కకు మిక్కిలి. అవే కూడళ్లు. అన్ని అల్లికలూ ఇదే తీరున వుండవని తర్వాత వాదాలు వచ్చినా, కూడళ్ల ప్రాధాన్యం మాత్రం పోలేదు. చిన్న స్టేషను మూతపడితే ఇబ్బంది ఆ చుట్టుపక్కలకే. బెజవాడ జంక్షను స్తంభిస్తే ఉత్తరమూ దక్షిణమూ తల్లడిల్లుతాయి. రొట్టెపిండిని పులియబెట్టే ఈస్టు కణంలోనూ ఇంతే: సంబంధాలు ఎక్కువగా వున్న ప్రొటీను లోపిస్తే కణమే చచ్చే అవకాశం ఎక్కువని 2001లో తెలిసింది.

మరి వూళ్లో కూడలి ఎవరు? ఎవరి పరిచయాలు ఎన్నో ఎవరు లెక్కపెట్టగలరు? 2003లో కోహెన్, అతని సహచరులు ఒక సులభోపాయం చెప్పారు. ఎవరినో ఒకరిని పిలిచి, “నీకు తెలిసినవారిలో ఒకరి పేరు చెప్పు” అనండి. టీకా పిలిచినవారికి కాదు, వారు పేరు చెప్పినవారికి వెయ్యండి! నలుగురికీ కావలసినవాడి పేరే నలుగురి నోటా వస్తుంది. మన స్నేహితులకు సగటున మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారని 1991లోనే ఫెల్డ్ నిరూపించాడు.

2009లో అమెరికాలోని హార్వర్డ్ విద్యార్థులలో ఫ్లూ వ్యాపించినప్పుడు క్రిస్టాకిస్, ఫౌలర్ దీనిని గమనించారు. అలా పేర్కొనబడిన మిత్రులకు, ఏరకుండా తీసుకున్న విద్యార్థులకన్నా, సుమారు రెండు వారాలు ముందే జ్వరం వచ్చింది.

2021 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం గ్యాస్ సిలిండర్లు తెచ్చేవారికీ, రేషన్ డీలర్లకూ, పెట్రోలు బంకు సిబ్బందికీ ప్రత్యేకంగా కరోనా టీకాలు వేయించటం ఈ కోవలోదే. కాని వారికి తగిలించిన పేరు “సూపర్ స్ప్రెడర్లు”! ఇది న్యాయమా? నూరు గడపలు తొక్కేవాడు నూరిళ్ల రోగానికీ ఎదురు నిలుస్తున్నాడు. కూడలిలో వున్నవాడు దోషి కాడు. మన అందరికోసం ముందుగా కాపాడుకోవలసినవాడు.