తెలుగు సాహిత్యంలో సామాజిక ప్రయోజన దృక్పథం

సాహిత్యం పాఠకునికి ఆనందం కలిగించుటతో పాటు సమాజానికి కూడా మేలు చేయవలెనన్న భావననే సాహిత్య సామాజిక ప్రయోజనం అంటారు. ఆధునిక తెలుగు సాహిత్యంలో సుమారు నూట యాభై సంవత్సరాలుగా ఈ భావనపై చర్చ సాగుతున్నది.

ప్రాచీన భావన

సంస్కృత ఆలంకారికుడైన మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్య ప్రయోజనాలను ఆరుగా చెప్పాడు. అవి కీర్తి, ధనం, లోకజ్ఞానం, అమంగళ నివారణ, సద్యః ఆనందం, ప్రియురాలి వలె మృదువుగా చేసే ఉపదేశం. వీటిలో లోకజ్ఞానం, ఉపదేశం సమాజానికి సంబంధించినవే అయినా, అవి వ్యక్తి నడవడిని ఉద్దేశించినవి. సమాజ వ్యవస్థనే మార్చవలెనన్న ఆలోచన ఆధునిక కాలంలో బలపడినది.

సంస్కరణ యుగం

కందుకూరి వీరేశలింగం 1874లో స్థాపించిన వివేకవర్ధని పత్రిక ద్వారా అధికారుల అవినీతిని, సాంఘిక దురాచారాలను ఎండగట్టాడు. ఆయన రచన, ఆచరణ కలిసి సాగాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు.

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శించబడి, 1897లో అచ్చయింది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టికను తయారు చేయించగా, మూడేళ్ళలో 1,034 తేలాయి. ఈ వివరాన్ని గురజాడ తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నాడు. జనానికి అందాలంటే జనం మాట్లాడే భాషలోనే వ్రాయాలన్నది ఆయన అభిప్రాయం. ఆ విధంగా వ్యావహారిక భాషావాదం కూడా ప్రయోజన దృష్టితో ముడిపడినది.

హిందీ సాహిత్యంతో పోలిక

హిందీలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. భారతేందు హరిశ్చంద్ర (1850–1885) సంస్కరణ దృష్టితో నాటకాలు, పత్రికలు నడిపాడు. రామచంద్ర శుక్ల లోకమంగళమును కావ్యానికి గీటురాయిగా భావించాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి అఖిల భారత మహాసభకు ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించి, సాహిత్య లక్ష్యంపై ప్రసంగించాడు. ఆ ఉద్యమ ప్రభావంతో 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన ఆంధ్ర అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగింది.

అణగారిన వర్గాల గొంతు

ఉన్నవ లక్ష్మీనారాయణ నవల మాలపల్లి 1922లో వెలువడగా బ్రిటిషు ప్రభుత్వం దానిని నిషేధించింది. యర్రగొండపాలానికి తూర్పున ఉన్న వినుకొండలో జన్మించిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం కావ్యంలో అస్పృశ్యుని వేదనను పద్యంలో నిలిపాడు. 1950లో శ్రీశ్రీ మహాప్రస్థానం, 1970లో విప్లవ రచయితల సంఘం కవిత్వాన్ని ప్రత్యక్ష రాజకీయాల వైపు నడిపించాయి. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన తరువాత దళిత సాహిత్యం ప్రత్యేక ఉద్యమంగా రూపుదిద్దుకున్నది. ఇతరులు తమ గురించి వ్రాయుట చాలదని, తమ బ్రతుకును తామే వ్రాసుకోవాలని ఈ రచయితలు భావించారు.

విమర్శ

ప్రయోజనమే కొలబద్దగా మారితే రచన ప్రచారంగా దిగజారునన్న ఆక్షేపణ మొదటి నుండి ఉన్నది. విశ్వనాథ సత్యనారాయణ సంప్రదాయ రసదృష్టిని సమర్థించాడు. సామ్యవాది అయిన రాచమల్లు రామచంద్రారెడ్డి కూడా, భావం మంచిదైనంత మాత్రాన కవిత్వం కాజాలదని, అది పాఠకునిలో అనుభూతిని కలిగించాలని వాదించాడు. కొడవటిగంటి కుటుంబరావు వంటివారు మాత్రం ప్రతి రచనకూ ఏదో ఒక ప్రయోజనం ఉండి తీరుతుందని, అది ఎవరికి ఉపయోగపడుతున్నదో గమనించాలని భావించారు.

ఒక ఉదాహరణ

రచన ప్రభావాన్ని కొలుచుట కష్టం. అయినా నెల్లూరు జిల్లా దూబగుంట ఉదంతం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథను చదివిన మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలించబడినది. ఆ కథ గొప్ప సాహిత్యంగా పేరు పొందినది కాదు. అప్పుడే అక్షరాలు నేర్చిన స్త్రీలు అందులో తమ ఇంటి కష్టాన్ని చూసుకున్నారు, కలిసి చర్చించుకున్నారు. కథ ఒక్కటే ఉద్యమాన్ని సృష్టించలేదు; ఉన్న బాధకు మాటను, కలిసి నడిచే ధైర్యాన్ని ఇచ్చింది.