నూనెకు కావలి: ‘ఇ’ విటమిను

వేసవిలో మూత లేక యుంచిన నూనె కొలదిదినములలోనే కనరువాసన కొట్టుట ప్రతి గృహిణికిని అనుభవమే. అదే నూనె గింజలో నున్నంతకాలము నెలలకొలది చెడక యుండును. దీనికి కారణమేమి?

మోత్కూర్ పూర్వము నల్లగొండజిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరిజిల్లాలో చేరినది. ఈ దక్షిణ తెలంగాణపు మెట్టలలో ఆముదములు, వేరుసెనగ, నువ్వులు, కుసుమలు పండించుట తరతరముల వాడుక. గింజపొట్టు గాలిని అడ్డగించును. దానికి తోడు, లోపలి నూనెను కాచు పదార్థమునొకదానిని గూడ ప్రకృతి అందే అమర్చినది. అదియే ‘ఇ’ విటమిను.

1922లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్టు ఎవాన్సు, ఆయనతో పనిచేసిన వైద్యురాలు కాథరిన్ బిషప్ దీనిని కనుగొనిరి. ఇది లేని తిండి తిన్న ఆడ ఎలుకలకు గర్భము నిలువలేదు. అందుచేతనే 1936లో దీనిని వేరుపరచినపుడు, సంతానమును మోయునది అను అర్థమిచ్చు గ్రీకుమాటలతో ‘టోకోఫెరాల్’ అని పేరిడిరి. ఎలుకలయందు కనబడిన ఈ గుణమునుబట్టి దీనిని స్త్రీలకు సంతానౌషధమని తలచుట తగదు. ఇది ఒక్క పదార్థమును గాదు: టోకోఫెరాల్‌లు నాలుగు, టోకోట్రయినాల్‌లు నాలుగు, వెరసి ఎనిమిది.

ప్రాణవాయువు సోకి చెడిన కొవ్వు అణువు ప్రక్క అణువును చెరుపును. అది మరియొకదానిని చెరుపును. గడ్డివామిలో నిప్పు ప్రాకినట్లు చెడుగు ప్రాకుచుండగా, టోకోఫెరాల్ తన హైడ్రోజనును ఇచ్చివేసి ఆ వరుసను త్రెంపును. ఆ పనిలో తాను వ్యయమగును. మన దేహములోని కణముల పొరలయందును కొవ్వు గలదు. అచ్చటను దీని పని యిదియే.

వేడి, వెలుతురు, గాలి తగిలినకొలది ఈ కావలి త్వరగా తరిగిపోవును. కావున నూనెను ముదురురంగు సీసాలోగాని స్టీలుడబ్బాలోగాని పోసి, మూత బిగించి, పొయ్యికి దూరముగా నుంచవలెను. రాగి నూనె చెడుటను త్వరపెట్టును, రాగిపాత్రలో నిలువచేయరాదు. పాతనూనె మిగిలిన పాత్రలో క్రొత్తనూనె పోయరాదు. గారెలు వేచిన నూనెను పలుమారులు కాచి వాడరాదు. నువ్వులనూనెలో ‘ఇ’ విటమినుతోపాటు సెసమాల్ మొదలగు కాపుదలపదార్థములు గూడ నుండుటచే అది ఎక్కువకాలము నిలుచును. ఊరగాయలకు పెద్దలు దానిని మెచ్చుటలో నీ గుణమును గలదు.

ఇంత గుణముగలదానిని గుళికల రూపమున మరింత పుచ్చుకొనిన మేలుగదా యని కొందరందురు. అమెరికాలో నలుబదియైదేండ్లు, అంతకు పైబడిన 39,876 మంది ఆరోగ్యవతులను సుమారు పదేండ్లు పరిశీలించిరి. వారిలో కొందరికి దినము విడిచి దినము 600 యూనిట్ల ‘ఇ’ విటమిను ఇచ్చి, తక్కినవారికి మందులేని గుళికల నిచ్చిరి. 2005లో ప్రకటించిన ఫలితమునుబట్టి, అది మొత్తముమీద గుండెజబ్బులనుగాని క్యాన్సరునుగాని తగ్గింపలేదు. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారికి అధికమాత్ర రక్తస్రావభయమును గూడ పెంచును.

వేరుసెనగపప్పు 100 గ్రాములలో ఈ విటమిను సుమారు 8 మిల్లీగ్రాములు గలదు. గుప్పెడు పప్పు, ఆకుకూర, చెడని నూనె నిత్యము వంటలో నున్నచో, వైద్యుడు చెప్పనిదే గుళికలకై సొమ్ము వెచ్చింపనక్కరలేదు.