వరద నుండి వర్గానికి: పెల్లిజ్జా ద వోల్పేదో ‘ఇల్ క్వార్తో స్తాతో’ తైలవర్ణచిత్రం – పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇటలీ చిత్రకారుడు జుసెప్పే పెల్లిజ్జా ద వోల్పేదో (1868–1907) సుమారు పదేళ్ల కృషితో 1901లో పూర్తిచేసిన తైలవర్ణచిత్రం ‘ఇల్ క్వార్తో స్తాతో’. కార్మికోద్యమ చిహ్నంగా లోకప్రసిద్ధి పొందిన ఈ చిత్రాన్ని సాధారణంగా ఆగ్రహ ప్రకటనగా భావిస్తారు. చిత్రకారుడు విడిచిపెట్టిన పూర్వరూపాలను, వాటి శీర్షికలను వరుసక్రమంలో పరిశీలిస్తే భిన్నమైన అభిప్రాయం ఏర్పడుతుంది. ఆవేశాన్ని తగ్గిస్తూ మనిషికి స్పష్టతను పెంచడమే ఈ రచనాక్రమంలోని ప్రధానసూత్రమని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పెల్లిజ్జా, ఇటలీ చిత్రకళ, డివిజనిజం, శ్రామికవర్గం, పూర్వరూపాలు, శీర్షిక.

1. ఉపోద్ఘాతం:
ఈ చిత్రాన్ని తెలుగులో పరిచయం చేయబోతే శీర్షిక దగ్గరే చిక్కు ఎదురవుతుంది. ‘ఇల్ క్వార్తో స్తాతో’ను ఆంగ్లంలో ‘ది ఫోర్త్ ఎస్టేట్’ అంటారు. మనకు ‘ఫోర్త్ ఎస్టేట్’ అనగానే పత్రికారంగం స్ఫురిస్తుంది. ఈ చిత్రానికి ఆ అర్థంతో సంబంధం లేదు. విప్లవానికి పూర్వపు ఫ్రెంచి సమాజంలో మతాధికారులు మొదటి ఎస్టేట్, ప్రభువర్గం రెండవది, తక్కిన ప్రజలందరూ మూడవది. 1789 విప్లవంతో మూడవ ఎస్టేట్‌లోని సంపన్నులు అధికారానికి చేరువయ్యారు. ఆ మార్పు ఫలితం దక్కని శ్రామికులనే పందొమ్మిదవ శతాబ్ది సామ్యవాద ఆలోచన నాల్గవ ఎస్టేట్‌గా గుర్తించింది. ‘చతుర్థ వర్ణం’ అని అనువదిస్తే మరొక పొరపాటు జరుగుతుంది. వర్ణం పుట్టుకతో ముడిపడినది. ఇక్కడి విభజనకు ఆధారం శ్రమ. కాబట్టి ‘నాల్గవ వర్గం’ అనడమే సమంజసం.

2. చిత్రకారుడు:
పెల్లిజ్జా 1868 జులై 28న పీడ్‌మాంట్ ప్రాంతంలోని వోల్పేదో గ్రామంలో జన్మించాడు. మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో చదివి, తరువాత రోమ్, ఫ్లారెన్స్, బెర్గామో నగరాలలో శిక్షణ పొందాడు. ఇంత చదువు తరువాత నగరంలో స్థిరపడక స్వగ్రామానికే తిరిగివచ్చి, అక్కడే చిత్రశాల ఏర్పరచుకున్నాడు. తన సంతకానికి ఊరిపేరు చేర్చుకున్నాడు. 1892లో తెరెసా బిదోనేను వివాహమాడాడు. అతని చిత్రంలో నడిచేవారు వోల్పేదో గ్రామస్థులే. బిడ్డనెత్తుకొని ముందువరుసలో కనిపించే స్త్రీకి నమూనాగా నిలిచినది తెరెసాయే.

3. నాలుగు శీర్షికలు:
ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు పాఠాంతరాలను వరుసగా పేర్చి కవి హృదయాన్ని వెదకినట్లే, ఈ చిత్రానికి పూర్వరూపాలను వరుసగా పేర్చి చూడవచ్చు.

3.1 ‘ఆకలి రాయబారులు’: 1890ల ఆరంభంలో మొదలైన తొలి రూపం ఇది. వోల్పేదోలోని మలస్పినా చౌకులో కొందరు శ్రామికులు ముందు నడుస్తుండగా వెనుక గుంపు వస్తుంటుంది. ‘రాయబారి’ అనే మాటలోనే ఎదుట ఒక ప్రభువు ఉన్నాడనే సూచన ఉంది. విన్నపాన్ని ఆలకించినా, తిరస్కరించినా నిర్ణయం ఆ ప్రభువుదే. ఇక్కడ శ్రామికుడు అర్థించేవాడు.

3.2 ‘ఫియుమానా’: ఈ మాటకు ఉప్పొంగిన నదీప్రవాహమని అర్థం. 1895–96 నాటి ఈ పెద్ద చిత్రం నేడు మిలాన్‌లోని బ్రేరా చిత్రశాలలో ఉంది. బిడ్డనెత్తుకున్న స్త్రీ ఈ రూపంలో ముందుకు వచ్చింది. వెనుక జనసమూహం చిత్రతలాన్ని నిండుగా ఆక్రమించింది. అయితే వరదకు బలముంటుంది గాని ముఖం ఉండదు. ప్రజలను ప్రకృతిశక్తిగా పోల్చడంలో గౌరవం ఎంత ఉన్నదో, వారి వివేచనను విస్మరించే ప్రమాదమూ అంతే ఉన్నది. పెల్లిజ్జా ఈ రూపంతో తృప్తిచెందలేదు.

3.3 ‘శ్రామికుల పయనం’: 1898లో చిత్రకారుడు మరింత పెద్ద కాన్వాసుపై పని ప్రారంభించాడు. ఆ ఏడాది మే నెలలో, రొట్టె ధర పెరుగుదలకు వ్యతిరేకంగా సాగిన నిరసనలపై మిలాన్‌లో జనరల్ బావా బెక్కారిస్ ఆజ్ఞతో సైన్యం ఫిరంగులు పేల్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 80 మంది మరణించారు. ఆ కాలంలో రూపొందిన చిత్రంలో రక్తం గాని, ఆయుధం గాని కనిపించకపోవడం ఆలోచించదగిన విషయం. శీర్షికలో వరద పోయి నడక వచ్చింది. నడకకు కర్త మనిషి.

3.4 ‘నాల్గవ వర్గం’: 1901లో చిత్రం పూర్తయిన దశలో ఈ శీర్షిక స్థిరపడింది. ఆకలి అనే స్థితి, వరద అనే ఉపమానం, పయనం అనే క్రియ – ఈ మూడింటినీ దాటి శీర్షిక చివరకు చరిత్రలో ఒక స్థానానికి పేరయింది.

4. చిత్రనిర్మాణం:
293 × 545 సెంటీమీటర్ల ఈ కాన్వాసులో ముందువరుస మనుషులు దాదాపు నిలువెత్తున కనిపిస్తారు. మధ్యనున్న పురుషుడు ఒక చేయి నడుము పట్టీలో ఉంచి, మరొక చేతితో భుజంపై కోటు పట్టుకొని నడుస్తున్నాడు. అతని పక్కన మరొక శ్రామికుడు మౌనంగా అడుగు వేస్తున్నాడు. మరోపక్క చెప్పులు లేని కాళ్లతో, బిడ్డతో వచ్చిన స్త్రీ అతనివైపు తిరిగి ఏదో చెబుతున్నది. వెనుకవరుసలో ఒకరు ఎండకు కళ్లపై చేయి అడ్డుపెట్టుకున్నారు. మరికొందరు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. జెండా లేదు, బిగించిన పిడికిలి లేదు. నేపథ్యంలోని చీకటి పచ్చదనం నుండి వెలుగులోకి వారు వస్తున్నారు. తొలి రూపంలో స్పష్టంగా ఉన్న గ్రామకూడలి ఇక్కడ దాదాపు అదృశ్యమైంది. స్థలం మరుగుపడటంతో సంఘటన ఒక ఊరికి పరిమితం కాలేదు. వారు నడిచివస్తున్న దిక్కున ఇప్పుడు నిలిచి ఉన్నది ప్రేక్షకుడు. రాయబారులు ప్రభువు కోసం వచ్చారు; వీరు మన ఎదుటికి వస్తున్నారు.

5. డివిజనిజం – పద్ధతి, అర్థం:
రంగులను పలకపై కలపకుండా, సన్నని చుక్కలుగా, గీతలుగా కాన్వాసుపై పక్కపక్కన ఉంచడం డివిజనిజం పద్ధతి. తగినంత దూరం నుండి చూసినప్పుడు ఆ రంగులు చూపులో కలిసి వెలుగుగా భాసిస్తాయి. సెగాంతిని, ప్రెవియాతి, మోర్బెల్లి ఈ మార్గంలో ప్రసిద్ధులు. ఇటలీలో ఈ ధోరణి 1891 నాటి బ్రేరా ప్రదర్శనతో ప్రజల దృష్టికి వచ్చింది. పెల్లిజ్జా కాంతి, వర్ణశాస్త్ర గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేశాడు. ఒక్కొక్క మూర్తికి విడిగా రేఖాచిత్రాలు గీసుకొని, తరువాతనే కాన్వాసుపైకి తెచ్చాడు. ఇంత నిదానమైన పనిలో క్షణికావేశానికి చోటు తక్కువ. ఒక రంగు మరొక రంగులో కరిగిపోకుండానే ఇవి కలసి వెలుగును సాధిస్తాయి. ముందువరుస మనుషులు ఎవరి ముఖాన్ని వారు నిలుపుకుంటూనే ఒక వర్గంగా నడుస్తున్నారు. ఈ సామ్యం చిత్రకారుడు ఉద్దేశించినదని చెప్పడానికి కాదు గాని, చిత్రాన్ని చూసేటప్పుడు పద్ధతినీ వస్తువునూ వేరుచేయలేమని చెప్పడానికి ఇది చాలు.

6. ఆదరణ:
1902లో తురిన్ ప్రదర్శనలో ఈ చిత్రానికి బహుమతి రాలేదు. సోషలిస్టు పత్రికలు మాత్రం దాని ప్రతిరూపాలను శ్రామికుల ఇళ్లకు చేర్చాయి. 1906లో పెల్లిజ్జా చిత్రించిన ‘సూర్యుడు’ను ప్రభుత్వం రోమ్ చిత్రశాల కోసం కొన్నది. ‘నాల్గవ వర్గం’ అతని జీవితకాలంలో అమ్ముడుపోలేదు. 1907లో ప్రసవానంతరం తెరెసా మరణించింది. ఆ దుఃఖం నుండి కోలుకోలేక అదే సంవత్సరం జూన్ 14న, 38 ఏళ్ల వయసులో, పెల్లిజ్జా తన చిత్రశాలలో ప్రాణం తీసుకున్నాడు. 1920లో ప్రజల చందాలతో 50,000 లీరాలకు మిలాన్ నగరం కోసం ఈ చిత్రాన్ని కొన్నారు. ఫాసిస్టు పాలనలో గిడ్డంగి పాలైన చిత్రం యుద్ధానంతరం నగరపాలక భవనంలో వెలసింది. 1976లో బెర్తొలూచ్చి ‘నోవెచెంతో’ చలనచిత్ర ప్రారంభంలో దీనిని చూపించాడు. 2010లో నోవెచెంతో మ్యూజియానికి చేరిన చిత్రం 2024లో తిరిగి మిలాన్ ఆధునిక చిత్రశాలకు వచ్చింది.

7. ముగింపు:
తుదిరూపాన్ని మాత్రమే చూస్తే ‘నాల్గవ వర్గం’ ఒక నినాదంగా కనిపించవచ్చు. పూర్వరూపాలతో కలిపి చూసినప్పుడు అది ఒక సుదీర్ఘమైన సవరణగా అర్థమవుతుంది. పెల్లిజ్జా మొదట శ్రామికుని అర్థిగా చూశాడు, తరువాత ప్రవాహంగా చూశాడు, చివరకు తనదైన ముఖంతో నడిచే మనిషిగా చూడగలిగాడు. సాహిత్యంలో ‘జనం’, ‘ప్రజలు’, ‘శ్రామికులు’ అనే మాటలను పరిశీలించే పరిశోధకులకు ఈ క్రమం ఒక ప్రశ్నను అందిస్తుంది: మనం పరిశీలిస్తున్న రచనలో ప్రజలు వరదలా వస్తున్నారా, మనుషుల్లా నడుస్తున్నారా? ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటడానికి పెల్లిజ్జాకు సుమారు పదేళ్లు పట్టింది.