బండి గిర్రలు చేసిన చేతులకు ఎనిమిది పలకల భరిణె

నాగర్‌కర్నూల్: బండి గిర్ర గుండ్రంగా ఉంటుందని అందరికీ తెలుసు. అయితే అది ఒకే కొయ్యను గుండ్రంగా చెక్కి చేసింది కాదన్న సంగతి దాన్ని విప్పి చూసినవారికే తెలుస్తుంది. సాధారణంగా ఒక గిర్రకు ఆరు పూటీలు, పన్నెండు ఆకులు, నడుమ ఒక కుంభం ఉంటాయి. కుంభానికి తొలిచిన పన్నెండు బెజ్జాల్లో ఆకులు దిగగొట్టి, వాటి పైకొసలకు రెండేసి ఆకుల చొప్పున ఆరు పూటీలు తొడుగుతారు. పూటీకీ పూటీకీ నడుమ సందు కనిపించకూడదు. కనిపించిందంటే ఆ బండి వానకాలం దాటదని రైతు పెదవి విరిచేవాడు.

ఈ ఆరు ముక్కలను వలయంగా కలపడంలోనే వడ్లవారి పనితనమంతా ఉన్నది. వలయం మొత్తం 360 డిగ్రీలు. ఆరు పూటీలకు పంచితే ఒక్కొక్కదానికి 60 డిగ్రీలు వస్తాయి. ప్రతి పూటీ కొస కోత గిర్ర నడిమికి సూటిగా చూడాలి. ఈ లెక్కను డిగ్రీలలో చెప్పే అలవాటు వారికి లేకపోవచ్చు. వలయం గీసిన దారంతోనే ఆ వలయం మీద ఆరుసార్లు కొలుచుకుంటూ పోతే సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వస్తారు. లెక్క అంతటితో తేలిపోతుంది.

పూటీలు కూర్చిన తరువాత ఇనుప పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, గిర్రకు తొడిగి, నీళ్ళు పోసేవారు. చల్లబడుతున్న కొద్దీ పట్టా ముడుచుకొని ఆరు కీళ్ళనూ ఒక్కసారిగా బిగించేది. ఊరి పిల్లలందరూ చుట్టూ చేరి చూసే వేడుక అది.

ఆ పని ఇప్పుడు లేదు. మొదట రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. ఆ తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. సింగోటం జాతరకు బండ్లు కట్టుకొని పోయిన రోజులు పెద్దల మాటల్లోనే మిగిలాయి. పంట కళ్ళంలో వడ్లవారికి కొలిచి ఇచ్చే మేర కూడా బండ్లతోనే పోయింది. తలుపులు, కిటికీలు చేసుకొని బతుకుదామంటే ఇనుప చట్రాలు, ప్లాస్టిక్ తలుపులు అడ్డం వచ్చాయి. తండ్రి పక్కన కూర్చొని బాడిశె పట్టడం నేర్చుకోవలసిన కొడుకు హైదరాబాదుకు కూలికి పోతున్నాడు. పాలమూరు వలస గురించి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

పని పోయినంత మాత్రాన ఆ లెక్క కూడా పోవలసిందేనా అన్నది ఇప్పటి ప్రశ్న.

అదే లెక్కతో పాత్రలు

పూటీల లెక్కతోనే కొయ్య పాత్రలు చేయవచ్చు. పెద్ద దుంగను తొలిచి మరిగె చేసినట్టు కాకుండా, సన్నటి పలకలను నిలువుగా పక్కపక్కన అతికి ఆరు, ఎనిమిది, పన్నెండు ముఖాల పాత్రలు చేయడం ఒక పద్ధతి. ఐరోపాలో పీపాలు చేసేవారు సుమారు రెండు వేల ఏళ్ళుగా పలకలను వలయంగా నిలబెట్టి ఇనుప కట్లతో బిగిస్తున్నారు. పడవల తెరచాప కొయ్యలను బరువు తగ్గించడానికి లోపల డొల్లగా, ఎనిమిది పలకలతో అతికి చేసే పద్ధతి కూడా ఉన్నది. ఇప్పుడు అమెరికా, కెనడా దేశాలలో ఇంటి వెనక చిన్న కార్ఖానాలలో పనిచేసేవారు ఇదే పద్ధతిలో గిన్నెలు, భరిణెలు, పూలకుండీలు చేస్తున్నారు. వారికి తోడ్పడుతున్నది రూటర్ అనే చిన్న కరెంటు మిషను, దానికి బిగించే ప్రత్యేకమైన బిట్టు.

ఎనిమిది పలకల పాత్ర మనవారికి కొత్తది కాదు. శిల్పశాస్త్రంలో ఎనిమిది పలకల స్తంభానికి విష్ణుకాంతం అని పేరు. చదరపు కొయ్యను గుండ్రం చేయాలన్నా ముందు ఎనిమిది పలకలు, తరువాత పదహారు పలకలు తీసి, ఆపైన నునుపు చేయడం వడ్రంగం నేర్చిన ప్రతివారికీ తెలిసినదే.

అర డిగ్రీ తప్పితే

పలకల అంచులను ఎంత వాలుగా కోయాలన్నది సులభమైన లెక్క. 360ని పలకల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని సగం చేయాలి. ఆరు పలకలకు 30 డిగ్రీలు, ఎనిమిదికి 22.5, పదికి 18, పన్నెండుకు 15 డిగ్రీలు వస్తాయి.

చిక్కు కోతలో ఉన్నది. ఎనిమిది పలకలకు పదహారు అంచులు. ఒక్కొక్క అంచులో అర డిగ్రీ చొప్పున తప్పు జరిగితే అది కంటికి కనిపించదు. కాని పదహారు అంచులకూ కలిపి ఎనిమిది డిగ్రీలు అవుతుంది. ఆ తప్పంతా చివరి కీలు దగ్గర బయటపడుతుంది. పలక మందం 20 మిల్లీమీటర్లయితే అక్కడ దాదాపు మూడు మిల్లీమీటర్ల సందు పడుతుంది. రంపం పొట్టు, జిగురు కలిపి పూడ్చినా ఆ సందు నాలుగు రోజులకు మళ్ళీ నోరు తెరుస్తుంది.

రెండో చిక్కు జిగురు వల్ల వస్తుంది. వాలుగా కోసిన రెండు అంచులకు జిగురు రాసి బిగిస్తే అవి ఒకదానిమీద ఒకటి జారుతాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోతుంది.

ఈ రెండు చిక్కులనూ తగ్గించడానికే ప్రత్యేకమైన బిట్లు పుట్టాయి. వీటిలో ఒక రకం పలక ఒక అంచున పిట్ట నోరు తెరిచినట్టుగా గాడి తీస్తుంది. రెండో అంచును చదరంగానే వదిలివేస్తారు. పక్క పలక చదరపు అంచు వచ్చి ఆ నోటిలో కూర్చుంటుంది. ఎనిమిది పలకల పాత్రకు ఈ గాడి రెండు వైపులా 45 డిగ్రీల చొప్పున సమంగా ఉంటుంది. ఎంత బిగించినా పలక జారదు. జిగురు పట్టే చోటు పెరుగుతుంది. గాడి తీయవలసిన అంచులు పదహారు కాక ఎనిమిదే అవుతాయి. మరో రకం బిట్టు ఒక అంచున గాడి, రెండో అంచున ఆ గాడిలో దూరే నాలుక తీస్తుంది. ఏ బిట్టు ఎన్ని పలకలకన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. పలకల మందం అన్నింటికీ ఒకేలా ఉండాలన్నది మాత్రం మరువరాదు.

మిషను లేనివారు నిరాశ పడనవసరం లేదు. 22.5 డిగ్రీల వాలు చెక్కను ఒరకు పెట్టుకొని రందాతో అంచులు తీయవచ్చు. ఆలస్యమైనా పని అవుతుంది.

పని జరిగే తీరు

ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల ఎత్తు ఉన్న భరిణెను వాలు అంచులతో చేయాలనుకుందాం. ఆరు పలకలతో చేస్తే ఒక్కొక్క పలక బయటి ముఖం పదకొండున్నర సెంటీమీటర్లు ఉండాలి. ఎనిమిదితో అయితే 8.3, పన్నెండుతో అయితే 5.4 సెంటీమీటర్లు చాలు. పలకలు పెరిగేకొద్దీ సన్నటి కొయ్య సరిపోతుందన్న మాట. ఎనిమిది పలకలకు నాలుగున్నర అడుగుల పొడవు పట్టె ఒకటి ఉంటే కోతకు పోయేది పోను సరిపోతుంది. తలుపు చట్రాలు చేసేచోట ఇలాంటి ముక్కలు పొయ్యిలోకి పోతుంటాయి.

పట్టెను ముక్కలు చేయకముందే దాని అంచులు తీసుకోవాలి. అప్పుడు ఎనిమిది ముక్కలూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. పైగా రూటరు బిట్టు నిమిషానికి 20 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. చిన్న ముక్కను చేతితో పట్టి దాని ముందుకు తోయడం వేళ్ళకు ముప్పు. పొడవాటి పట్టెను కూడా బిట్టు తిరిగే దిక్కుకు ఎదురుగా, తోపుడు కర్రతోనే నెట్టాలి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

అడుగు చెక్క కూర్చోవడానికి పలకల లోపలి వైపు కింద ఒక గాడి తీయాలి. తరువాత ఎనిమిది పలకలనూ బయటి ముఖం పైకి ఉండేట్టు చాపలా పక్కపక్కన పరిచి, కీళ్ళ మీద టేపు అంటించాలి. మొత్తాన్ని తిరగవేసి, జిగురు లేకుండా ఒకసారి చుట్టి చూసుకోవాలి. సరిపోయిందనుకున్నాకనే జిగురు పట్టించి, అడుగు చెక్క పెట్టి, చాప చుట్టినట్టు చుట్టాలి. వెనక సరేసు కాచి వాడేవారు, ఇప్పుడు ఫెవికాల్ వంటివి దొరుకుతున్నాయి. బిగించడానికి ఖరీదైన పట్టీలు కూడా అక్కరలేదు. పాత సైకిల్ ట్యూబును సన్నగా చీల్చి గట్టిగా చుట్టితే చాలు. బండి గిర్రకు ఇనుప పట్టా చేసిన పనినే ఇక్కడ ఈ రబ్బరు ముక్క చేస్తుంది.

వాలు అంచుల పద్ధతిలో చివరి కీలు కలవకపోతే దానికీ ఒక ఉపాయం ఉన్నది. నాలుగేసి పలకలను విడిగా అతికి రెండు సగాలు చేసుకోవాలి. ఆరిన తరువాత రెండింటి అంచులనూ చదునైన బల్లమీద గరుకు కాగితం పరిచి రుద్దాలి. రెండు సగాలూ చదునుగా కలుస్తాయి. తప్పు కంటికి ఆనదు.

ఎనిమిది పలకల అడుగు చెక్క గీయడానికి కోణమాని అవసరం లేదు. చదరపు చెక్క ప్రతి మూల నుంచీ కర్ణంలో సగం దూరాన్ని రెండు భుజాల మీదా గుర్తుపెట్టాలి. గుర్తులను కలుపుతూ నాలుగు మూలలూ కోస్తే సమమైన ఎనిమిది పలకలు వస్తాయి. ఈ చెక్కకు మాత్రం జిగురు పెట్టరాదు. కొయ్య వానకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకాలంలో ముడుచుకుంటుంది. గాడిలో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలకపోతే ఉబ్బిన అడుగు కీళ్ళను విడగొడుతుంది. మన ప్రాంతపు ఎండలు తెలిసినవారికి ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది.

కొయ్య ఎక్కడిది?

నల్లమల పక్కనే ఉన్నదని అడవి కొయ్యకు ఆశపడే కాలం కాదిది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్టు మీద గొడ్డలి వేయడం నేరం. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది. అటవీ శాఖవారిని అడిగి, అనుమతి తీసుకొని దిగడం మంచిది.

అయితే ఈ పాత్రలకు పెద్ద దుంగలు అక్కరలేదన్నదే ఇక్కడ కలిసివచ్చే సంగతి. కొల్లాపూర్ మామిడికి పేరున్నది. కాపు తగ్గిన పాత చెట్లు తీసినప్పుడు ఆ కొయ్య ఎక్కువగా వంటచెరకుకో, ప్యాకింగ్ పెట్టెలకో పోతుంది. ఉత్తరాదిన సహారన్‌పూర్, జోధ్‌పూర్ పనివారు మామిడి కొయ్యతోనే సామాను చేసి విదేశాలకు పంపుతున్నారు. మామిడికి పురుగు త్వరగా పడుతుంది కనుక కోసిన వెంటనే పలకలు చేసి, మందు పట్టించి, నీడన బాగా ఆరబెట్టాలి. తినే వస్తువులు పెట్టే పాత్రకు వాడే కొయ్యకు ఏ మందు పట్టించవచ్చో ముందే తెలుసుకోవాలి. వేప, చింత, తోటల్లో పెంచిన టేకు కూడా పనికివస్తాయి. గిర్రలకు వాడిన నల్లతుమ్మ గట్టిదే గాని బిట్టు పదును త్వరగా తింటుంది.

ఈ భరిణెలు నీళ్ళు పోసుకోవడానికి కావు. పప్పులు, సుగంధ ద్రవ్యాలు, కుంకుమ, నగలు, పూలు పెట్టుకోవడానికి బాగుంటాయి. తినే వస్తువులు పెట్టేవాటికి వార్నిషు బదులు తేనెమైనం రుద్దడం మేలు. నల్లమల చెంచులు తేనె తీయడం అనాదిగా ఉన్నదే. మైనానికి కూడా ఇక్కడే గిరాకీ కలిగితే వారికీ నాలుగు రూపాయలు దక్కుతాయి.

చేయవలసినది

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం ఇందులో ఉన్నాయి. 2027–28 వరకు దీనికి గడువు. పనిముట్ల సొమ్ముతో చేతి రూటరు, రెండు బిట్లు కొనుక్కోవచ్చు. అయితే మిషను చేతికిచ్చి పంపితే సరిపోదు. దానితో ఏం చేయాలో, చేసినదాన్ని ఎక్కడ అమ్మాలో చూపేవారు కావాలి. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాత పనితనానికి కొత్త వస్తువులు, కొత్త కొనుగోలుదారులు తోడైతే ఒక ఊరి పేరు ఎంత దూరం పోతుందో చెప్పడానికి అది చాలు.

మన జిల్లాలో బండి గిర్ర చేసిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వారి వయసు పైబడుతున్నది. ఐటీఐలలో, వనపర్తి పాలిటెక్నిక్ వంటి చోట్ల వారిని పది రోజులు కూర్చోబెట్టి, వారి ముందు మిషను, కుర్రవారి ముందు వారిని ఉంచితే ఇద్దరికీ నేర్చుకోవలసినది ఉంటుంది. గాడి తీయడం మిషను చేస్తుంది. ఏ కొయ్య ఎప్పుడు ఆరిందో, ఏ పలక ఏ పక్కకు వంగుతుందో చూసి చెప్పడం మాత్రం ఆ వృద్ధులకే తెలుసు. వారు ఉండగానే ఈ పని జరగాలి. అధికారులు, చేతివృత్తుల సంఘాలు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉన్నది.